ఫంక్షన్ హాలు గోడ పడగొట్టించిన మేయరమ్మ

నిజానికి మా ఊరికి మేయర్ లేదు. మేయర్ ఉండాలంటే ఊరు కార్పొరేషన్ అయ్యుండాలి. మాది కరీంనగర్ నుంచి బస్సులో గంట దూరంలో ఉన్న చిన్న మున్సిపాలిటీ. చట్ట ప్రకారం మాకు దక్కేది చైర్‌పర్సన్ మాత్రమే. కానీ ఆమె గెలిచిన వారమే ఆమె భర్త బస్టాండు ముందు కట్టించిన ఫ్లెక్సీ మీద "మన ప్రియతమ మేయర్" అని వేయించాడు. చైర్‌పర్సన్ అని రాస్తే అక్షరాలు ఎక్కువై పక్కనున్న ఆయన ఫోటో చిన్నదవుతుందని ఫ్లెక్సీ షాపతను చెప్పాడట. ఆనాటి నుంచి ఊరంతా ఆమెను మేయరమ్మ అనే పిలిచింది. మొదట వెక్కిరింతగా, తర్వాత అలవాటుగా.

అంతకు ముందు ఆమె మా ఇంటికి నాలుగిళ్ల అవతల మిషను పెట్టుకుని బ్లౌజులు కుట్టేది. ఆమె భర్త పదేళ్లుగా చైర్మన్ కుర్చీ మీద కన్నేసి, ఊళ్లో జరిగిన ప్రతి పెళ్లికీ ప్రతి చావుకూ హాజరయ్యాడు. తీరా ఎన్నికలు వచ్చేసరికి సీటు ఆడవాళ్లకు రిజర్వు అయింది. రెండు రోజులు అన్నం తినలేదట. మూడో రోజు భార్యను ఫోటో స్టూడియోకు తీసుకెళ్లాడు.

గెలిచాక ఆఫీసులో పెద్ద కుర్చీలో ఆయనే కూర్చునేవాడు. సంతకం అవసరమైతే ఫైలు ఇంటికి వెళ్లేది. నేను ప్రభుత్వ హైస్కూల్లో తెలుగు టీచర్ని. ఏటా పిల్లలతో మహిళా సాధికారత మీద వ్యాసం రాయిస్తాను. మా గల్లీలో లైటు వెలగకపోతే మాత్రం ఆమె భర్తకే ఫోన్ చేసేదాన్ని. ఆ రెండు పనుల మధ్య తేడా నాకు ఎప్పుడూ తట్టలేదు.

మా ఇంట్లో నేనూ మా అవ్వా ఇద్దరమే. అమ్మను మేం అవ్వ అనే పిలుస్తాం. అవ్వకు ఎనభై దాటాయి. చొప్పదండి పొలాల్లో నాట్లు వేసి నన్ను చదివించింది. నడుము వంగింది గానీ నోరు వంగలేదు. మాది మిషనరీల కాలంనాటి చర్చికి వెళ్లే కుటుంబం. ఆ చర్చి కమిటీకి నేను కార్యదర్శిని. అంటే తాళంచెవులు మా ఇంట్లో మేకుకు వేలాడతాయి.

ఆ జూలైలో వాన మూడు రోజులు తెరిపి ఇవ్వలేదు. ఊరి పైభాగంలో చెరువు. అది నిండి మత్తడి దుంకితే, అంటే అలుగు పారితే, నీళ్లు నాలాలో పడి, మరమగ్గాల మీద పనిచేసేవాళ్లు ఉండే కాలనీ పక్కనుంచి ఊరి కిందికి పోతాయి. మగ్గాలను మావైపు సాంచెలంటారు, అందుకే అది సాంచెల కాలనీ. ఆ కాలనీ దాటగానే నాలాకు అడ్డంగా ఒక ఫంక్షన్ హాలు ప్రహరీ గోడ ఉంది. హాలు మేయరమ్మ ఆడబిడ్డ మొగుడిది. నీళ్లు పోవడానికి గోడ అడుగున ఒకే ఒక్క పైపు వదిలాడు. గోడకు అవతల పల్లంలో మా గల్లీ. గోడ కట్టిన నాడు సాంచెల కాలనీవాళ్లు మొత్తుకున్నారు. మా గల్లీవాళ్లం కిమ్మనలేదు. మా ఇళ్లలోకి వాన నీళ్లు రావడం ఆ గోడతోనే ఆగిపోయింది మరి.

మూడో రోజు తెల్లవారగానే మేయరమ్మ మా గుమ్మం ముందుకు వచ్చింది. చీర మోకాళ్ల దాకా తడిసి బురదైంది, కాళ్లకు చెప్పుల్లేవు. వెనక ఇద్దరు సఫాయి పనివాళ్లు. ఆమె భర్త కౌన్సిలర్లందరినీ వ్యాన్లో ఎక్కించుకుని, వేములవాడ రాజన్నకు కోడె మొక్కు చెల్లించడానికి ముందురోజే పోయాడు. దారిలో వాగు పొంగి అక్కడే చిక్కుకున్నారు.

"టీచరక్కా, చర్చి తాళాలు ఇయ్యుండ్రి. కాలనీల మోకాళ్ల మట్టుకు నీళ్లొచ్చినయ్. ముసలోళ్లను, పిల్లగాళ్లను ఏడ పెట్టాలె?"

"పాస్టరుగారు కాగజ్‌నగర్ పోయిన్రు. కమిటీ తీర్మానం లేకుంట ఇస్తే రేపు నన్నంటరు. జర ఆగు, ఫోన్ జేసి అడుగుత" అన్నాను.

ఇప్పుడు చెప్పడానికి సిగ్గేమీ లేదు. నా మనసులో ఉన్నది తీర్మానం కాదు, తివాచీ. బలిపీఠం ముందు పరిచిన కొత్త ఎర్ర తివాచీ కోసం నేను ఏడాది పాటు సంఘస్థుల వెంటపడ్డాను. దాని మీద బురద కాళ్లు కనిపించాయి నాకు.

మంచం మీద నుంచి అవ్వ అంది, "గంత వరదల నోవహు ఓడ ఎక్కిచ్చేటప్పుడు తీర్మానం జేసిండా?"

నేను నోరు తెరిచేలోగా గోడ పట్టుకుని లేచి, మేకు మీది తాళాలు తీసి ఆమె చేతిలో పెట్టింది. "పో బిడ్డా. నేను గూడ వస్త, చాయ పెడ్తానికి ఎవరో ఒకరుండాలె గదా."

ఎనిమిదయ్యేసరికి, కాలనీ అంచున గట్టు మీదున్న మా చర్చి నిండిపోయింది. తివాచీని నేనే చుట్టి అటక మీదికి ఎక్కించాను, ఆ మాత్రం పట్టుదల ఉంది నాలో. ఒక ముసలి నేతకార్మికుడు ఇంట్లోని దేవుడి పటాన్ని కండువాలో చుట్టుకుని వచ్చి, గుమ్మం దగ్గర ఆగిపోయాడు. లోపలికి తేవచ్చో లేదో తెలియక నావైపు చూశాడు. నేను పాస్టరుగారి ఖాళీ కుర్చీవైపు చూశాను. అవ్వ ఆ పటం అందుకుని హార్మోనియం పెట్టె మీద ఆనించి, "గీయన, గాయన ఒక్క దినం సర్దుకుంటరు తియ్యి" అని పొయ్యి దగ్గరికి పోయింది.

పదింటికి కాలనీలో నీళ్లు నడుము దాకా వచ్చాయి. ఇంకా కొందరు రేకుల కప్పుల మీద ఉన్నారు. ఫైర్ స్టేషన్‌కు ఫోన్ చేస్తే దారి లేదన్నారు. మేయరమ్మ చర్చి మెట్ల మీద నిలబడి చాలాసేపు గోడవైపు చూసింది. నేనూ చూశాను. గోడకు ఇవతల నీళ్లు పైదాకా నిండి ఉన్నాయి. అవతల మా గల్లీ రోడ్డు మీద వాన చినుకులు తప్ప ఏమీ లేవు.

ఆమె మున్సిపాలిటీ జేసీబీని పిలిపించింది. డ్రైవరు ఆదిలాబాద్ దిక్కు మనిషి. వచ్చి, విషయం విని, ఇంజను ఆపేశాడు.

"అమ్మా, గోడ ఎవరిదో నాకెర్కనే. సారు చెప్పాలె. నా నౌకరి పోతది."

సారుకు ఫోన్ కలిసింది. ఆయన గొంతు ఎప్పుడూ మైకుకు అలవాటుపడ్డ గొంతు, ఫోన్‌లో ఉన్నా పదడుగుల దూరానికి వినిపిస్తుంది. "నేనొచ్చేదాక దాన్ని ముట్టకు. రేపు అక్కకు నేనేం మొఖం చూపెట్టాలె? నీకేం తెల్వది, నువ్వు ఇంటికి పో."

ఆమె ఫోన్‌ను చెవికి ఇంకొంచెం దగ్గరగా పెట్టుకుని, "హలో, హలో, వినవడ్తలేదు" అంది. మా అందరికీ శుభ్రంగా వినపడుతోంది. ఆమె ఫోన్ కట్ చేసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు దోపుకుంది. తర్వాత డ్రైవరు వైపు తిరిగింది.

"కొట్టు. ఏమన్నయితే నా మీదికి."

"కాయితం ఇయ్యుండ్రి అమ్మా."

అతని భయం అతనిది. ఆమె నన్ను పిలిచింది. "టీచరక్కా, మీ అక్షరం మంచిగుంటది. జర రాయుండ్రి."

నేను సండే స్కూలు హాజరు పుస్తకంలోంచి చివరి పేజీ చింపాను. ప్రజల ప్రాణరక్షణార్థం సదరు ప్రహరీ గోడను తక్షణమే తొలగించవలసిందిగా ఇందుమూలముగా, అని మొదలుపెట్టి చదివి వినిపించాను. "గంత లావు మాటలెందుకక్కా, గోడ పడగొట్టుమని నేనే చెప్పిన అని రాయుండ్రి" అంది. అలాగే రాశాను. సఫాయి పనివాడు గొడుగు పడితే దాని కింద సంతకం చేసింది. డ్రైవరు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు.

మూడు దెబ్బలకు గోడ పడిపోయింది. అందులో సిమెంటు కన్నా ఇసుకే ఎక్కువని అందరం కళ్లారా చూశాం. నీళ్లు ఒక్క ఊపున ఫంక్షన్ హాలు ఆవరణలోకి దూకాయి. పెళ్లికొడుకూ పెళ్లికూతురూ కూర్చునే ఎర్ర మఖ్మల్ సింహాసనాలు రెండూ లోపలి నుంచి తేలుకుంటూ వచ్చి, ఒకదాని వెంట ఒకటి గేటు దాటి వెళ్లిపోయాయి. చర్చి మెట్ల మీద ఉన్నవాళ్లు చప్పట్లు కొట్టారు. నేను కూడా కొట్టాను. పావుగంటలో కాలనీలో నీళ్లు నడుము నుంచి మోకాళ్లకు దిగాయి. రేకుల మీద ఉన్నవాళ్లను తాళ్లతో దింపారు. ఎవరికీ ఏమీ కాలేదు.

ఇంకా చప్పట్లు కొడుతూనే ఉన్నాను. పక్కన ఎవరో ఒకామె అంది, "టీచరమ్మా, గా నీళ్లు పోయేది మీ గల్లీలకే గదా."

నేను పరుగెత్తాను. మా ఇంట్లో మంచాల ఎత్తున నీళ్లు నిలిచాయి. నా పుస్తకాలు, ఫ్రిజ్, అవ్వ పెట్టె అన్నీ మునిగాయి. అయితే అవన్నీ సామాన్లు. మా పక్కింటాయన పిండి గిర్ని నడుపుతాడు. వాన తగ్గుతుందేమోనని ఉదయం గిర్ని తెరిచి, జనం ఇచ్చిపోయిన జొన్న సంచులను చెమ్మ తగలకుండా పైకి ఎత్తి పెడుతున్నాడట. నీళ్లు ఒక్కసారిగా తలుపు తోసుకుని వచ్చి ఆయన్ను యంత్రం మీదికి విసిరాయి. కాలు రెండుచోట్ల విరిగింది. మా గల్లీలో ఎవరికీ ఎవరూ ఒక్క మాట ముందుగా చెప్పలేదు. చెప్పాల్సిన నేను సంధులూ సమాసాలూ చూసుకుంటూ ఉత్తర్వు రాస్తూ కూర్చున్నాను.

మేయరమ్మ భర్త మర్నాడు మధ్యాహ్నం దిగాడు. ఊరంతా బురద రంగులో ఉంటే ఆయన ఒక్కడే తెల్లగా మెరిసిపోతున్నాడు. కూలిన గోడ రాళ్ల మీద నిలబడి ఫోటో దిగాడు. వారం తిరగకముందే బస్టాండు దగ్గర కొత్త ఫ్లెక్సీ లేచింది. ప్రజల కోసం సొంత బంధువుల గోడనే కూల్చిన త్యాగశీలి అని రాసి ఉంది. ఫోటో ఆయనదే. మూలన చిన్న గుండ్రంలో ఆమె తల. ఇంట్లో మాత్రం ఆడబిడ్డ ఆమెతో మాటలు బంద్ పెట్టిందని పాలు పోసేవాడు చెప్పాడు.

తర్వాత నష్టాల జాబితా వచ్చింది. సర్వే చేసినవాళ్లు ఇంటిపన్ను రిజిస్టరు ముందు పెట్టుకుని రాసుకున్నారు. సాంచెల కాలనీలో తొంభై పాళ్లు కిరాయికి ఉండేవాళ్లే. కరీంనగర్‌లో మేడ మీద పొడిగా కూర్చున్న ఓనర్ల పేర్లు ఎక్కాయి, తడిసినవాళ్ల పేర్లు ఎక్కలేదు. ఆ జాబితా కింద మేయరమ్మ సంతకం ఉంది.

గిర్ని ఆయన కాలికి సిమెంటు పట్టీతో మంచం మీద పడుకుని నన్ను పిలిపించాడు. గల్లీ పెద్దలు నలుగురు కూడా ఉన్నారు.

"అక్కా, కలెక్టరుకు దరఖాస్తు పెడదాం. ఒకల్లను బతికియ్యనీకి ఇంకొకల్లను ముంచుతరా? గామెను దించెయ్యాలె. మంచిగ రాయి."

మంచిగా రాయమంటే నాకు ఒళ్లు తెలియదు. మూడు పేజీలు రాశాను. నిర్లక్ష్యం, నిరంకుశం, అనాలోచితం, అన్నీ పడ్డాయి. జాబితా సంగతి చివర్లో రెండు వాక్యాల్లో తోశాను. అది మా గల్లీ బాధ కాదు కదా. ఇంటికొచ్చి అవ్వకు చదివి వినిపించాను.

"మంచిగనే ఉన్నది. గోడ కొట్టుమని కాయితం రాసింది ఎవరో రాయలే" అంది.

"గది అవసరం లేదవ్వా."

"నీకు అవసరం లేదు."

మున్సిపల్ హాల్లో ఇంకా బురద తీయలేదు కాబట్టి వార్డు సభ మా చర్చిలోనే పెట్టారు. ఈసారి పాస్టరుగారు, కమిటీ, తీర్మానం, అన్నీ ఉన్నాయి. మధ్య కుర్చీలో మేయరమ్మ భర్త, చివరి కుర్చీలో ఆమె. నేను లేచి దరఖాస్తు చదివాను. గొంతు బాగా పలికింది. మా గల్లీవాళ్లు తలలూపారు. "ఎవరి ఉత్తర్వుతో, ఏ అధికారంతో ఆ గోడ కూల్చారు?" అన్న వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగాను, ప్రభావం కోసం.

ఆ ఆగిన చోట అవ్వ వెనక బెంచీ నుంచి అంది, "గా కాయితం రాసింది నా బిడ్డెనే. సండే స్కూలు బుక్కుల చింపి రాసింది. గది గూడ సదువు."

ముందు ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. కుర్చీలో కాలు చాచుకుని కూర్చున్న గిర్ని ఆయన మాత్రం నవ్వలేదు. "నువ్వు రాసినవా అక్కా?" అని మెల్లగా అడిగాడు. ఔనని తలూపాను. నా జీవితంలో అంత పొట్టి జవాబు ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడు మేయరమ్మ లేచింది. చేతిలో కాగితం లేదు.

"టీచరక్క రాసింది గని, చెప్పింది నేను. గామెది ఏం లేదు. మీ గల్లీకి నీళ్లు పోతయని నాకెర్కనే. గాడ అన్ని రేకుల ఇండ్లు, మీకు మిద్దెలున్నయ్, పైకి ఎక్కుతరనుకున్న. అయితే ఒక మనిషిని ఉరికిచ్చి చెప్పియ్యాలె అని నాకు యాదికి రాలే. పక్కన సఫాయోళ్లు ఇద్దరున్నరు. ఒకన్ని గొడుగు పట్టుమన్న, పంపలే. గది నా తప్పు. గోడ కొట్టుడు తప్పు గాదు. మల్ల గట్లనే అయితే మల్ల కొడ్త."

"తప్పని ఒప్పుకుంటే నా కాలు అతుక్కుంటదా?" అన్నాడు గిర్ని ఆయన.

"అతుక్కోదన్నా" అంది.

ఆయన చాచిన కాలును చేత్తో సర్దుకున్నాడు. ఆమె కూర్చోలేదు. అప్పుడు కాలనీ నుంచి వచ్చిన ఒక ముసలామె లేచి, తన సామానంతా పోయిందనీ జాబితాలో పేరు లేదనీ చెప్పింది. మేయరమ్మ భర్త గొంతు సవరించుకుని మైకు అందుకున్నాడు. "చూడమ్మా, రూల్స్ ప్రకారం..."

"నువ్వు జర కూసో" అంది మేయరమ్మ.

ఆయన కూర్చున్నాడు. నెల రోజులపాటు ఊళ్లో వరద గురించి ఎంత మాట్లాడుకున్నారో, ఆయన కూర్చోవడం గురించి అంతకు రెట్టింపు మాట్లాడుకున్నారు.

"గా కాయితం మీద సంతకం నేనే పెట్టిన. ఏడ చూపెడితే గాడ పెట్టిన, సదవలే" అని ఆమె ఆ ముసలామెతో చెప్పింది. "రేపటి సంది ఇంటింటికి నేనే వస్త."

వచ్చింది. ఆరు రోజులు కాలనీలో తిరిగాం. ఆమె అడిగేది, నేను రాసేదాన్ని. ఈసారి లావు మాటలు వాడలేదు. ఏ ఇంట్లో ఎవరు కిరాయికి ఉన్నారో, ఎందరున్నారో ఆమెకు మున్సిపాలిటీ కన్నా బాగా తెలుసు. ఆ కాలనీ ఆడవాళ్ల కొలతలన్నీ ఆమె దగ్గరే ఉండేవి మరి. ఆ జాబితా పట్టుకుని ఇద్దరం కరీంనగర్ పోయాం. రెండు రోజులు వరండాలో బల్ల మీద కూర్చున్నాం. లోపలికి పిలిచిన అధికారి ఆమె వెనక ఎవరైనా మగమనిషి ఉన్నాడేమోనని తొంగిచూసి, చివరికి నాతో మాట్లాడాడు. సగం పేర్లు తీసుకున్నారు. మిగతా సగానికి గడువు దాటిందన్నారు. ఆ మిగిలిపోయిన సగంలో సభలో లేచిన ముసలామె కూడా ఉంది.

నా మూడు పేజీల దరఖాస్తులో మొదటి రెండు చింపేశాను. గిర్ని ఆయన కాలు గురించీ ఆయన యంత్రం గురించీ మాత్రం విడిగా రాసి ఇచ్చాను. ఆయన సంతకం పెట్టాడు కానీ చాలాకాలం నాతో మునుపటిలా మాట్లాడలేదు.

చలికాలం పోయేలోపు ఫంక్షన్ హాలు గోడ మళ్లీ లేచింది. అదే చోట, ఇంకో రెండడుగుల ఎత్తు. ఈసారి ఒకటికి బదులు రెండు పైపులు వదిలారు, అదే న్యాయం. మేయరమ్మ ఒక్క మాట అనలేదు. బజార్లో కనిపిస్తే అడిగాను.

"మల్ల కొడ్త అన్నవు గదా. కట్టకుంట ఆపలేవా?"

ఆమె రెండు వంకాయలు ఏరి బుట్టలో వేసింది. "ఇంట్ల గూడ ఉండాలె గదా టీచరక్కా" అంది. తర్వాత నావైపు చూసింది. "మీరెందుకు రాయలే దరఖాస్తు?"

నేను కొత్తిమీర బేరం మొదలుపెట్టాను. గోడ లేచాక మా గల్లీ మళ్లీ పొడిగా ఉంటోంది.

ఆమె పదవీకాలం అయిపోయింది. ఊళ్లో ఆమె మంచి మేయరా కాదా అన్న తగువు ఇంకా తేలలేదు. సాంచెల కాలనీలో అడిగితే ఆమె లేకుంటే మేం లేమంటారు. జాబితాలో పేరు రానివాళ్లు కూడా అదే అంటారు, అది నాకు ఆశ్చర్యం. మా గల్లీలో అడిగితే తలో మాట. పిల్లల పేపర్లయితే నేను పది నిమిషాల్లో దిద్దేస్తాను. ఈమె విషయంలో మాత్రం, వాన కురిసిన ఆ ఒక్క ఉదయానికి ఒక రకంగా, ఆ తర్వాతి నెలలకు ఇంకో రకంగా తీర్పు చెప్పాల్సి వస్తుంది. రెండూ కలిపి చెప్పబోతే తివాచీ గుర్తొచ్చి నోరు మూసుకుంటాను.

గిర్ని ఆయన ఇప్పుడు కొంచెం కుంటుతూ నడుస్తాడు. యంత్రాన్ని ఎత్తయిన సిమెంటు గద్దె మీదికి ఎక్కించాడు. ఊళ్లో ఇంకో రెండు గిర్నీలున్నా మేయరమ్మ జొన్నల సంచి తీసుకుని ఆయన దగ్గరికే వస్తుంది. ఆయన ఆమె వెనక వచ్చినవాళ్లవి కూడా పట్టేసి, ఆమెది ఎప్పుడూ చివర పడతాడు.  ఆమె బల్ల మీద కూర్చుని ఉంటుంది.

మొన్న మా అవ్వ గోధుమలు పట్టించడానికి పోయి ఇది చూసి ఆయన్ను అడిగింది, "ఇంకెన్ని దినాలు కూసోబెడ్తవు బిడ్డా గామెను?"

ఆయన పిండి దులుపుకుంటూ, "ఇంకా అనుకోలే పెద్దమ్మా" అన్నాడు.